మత్తడి దుంకిన చేప: జపాన్ సముద్రం నుంచి ఈజియన్ దాకా

[దృశ్యం: తెల్లవారుజాము. వరంగల్ దగ్గర ఒక ఊరి చెరువు. మత్తడి మీది నుంచి నీళ్లు దుంకుతున్నాయి. కింద రాళ్ల మధ్య నలుగురైదుగురు వలలు పట్టుకుని నిలబడ్డారు. సంగీతం వద్దు. నీళ్ల చప్పుడు చాలు.]

వ్యాఖ్యానం:
చెరువు మత్తడి దుంకిందంటే, అంటే చెరువు నిండి అలుగు మీది నుంచి నీళ్లు పొర్లాయంటే, మా దిక్కు ఊరంతా అక్కడే ఉంటుంది. ఫొటోలు తీసుకునేవాళ్లు కొందరు, కింద వల పట్టి నిలబడేవాళ్లు కొందరు. ఒక్క మత్స్య సహకార సంఘం వాళ్ల ముఖాల్లో మాత్రం టెన్షన్ కనిపిస్తుంది. వాళ్లు చేప పిల్లలను వదిలింది ఈ చెరువులోనే మరి. నీళ్లతో పాటు చేపా పోతుంది. మత్తడికి అడ్డంగా వల కడతారు. కట్టినా కొన్ని పోతాయి.

పోయిన చేప ఎక్కడికి పోతుంది? కింది చెరువుకు. అది నిండితే దాని కింది కుంటకు. కుంట నిండితే వాగుకు. కాకతీయుల కాలం నుంచి మన దగ్గర చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి, ఒకదాని మత్తడి నీళ్లే ఇంకొకదాన్ని నింపుతాయి. మొన్న ఈ చెరువు దగ్గరే ఒక కాకా నాతో అన్నాడు: "మత్తడి దుంకినంక నా చేప, నీ చేప అని ఉంటదా బిడ్డా? ఎవని వలల వడితే వానిదే."

ఇవాళ్టి కథ అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. చెరువుల బదులు సముద్రాలు అనుకోండి. పై చెరువు పేరు అజోవ్, రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య ఉన్న సముద్రం. దాని కిందిది నల్ల సముద్రం. దాని కింద మర్మరా. ఆ కింద ఈజియన్, అది దాటితే మధ్యధరా. పై చెరువులో ఎవరో ఒక కొత్త చేపను వదిలారు.

[తెర మీద మ్యాప్: జపాన్ సముద్రం దగ్గర ఒక చుక్క, అజోవ్ దగ్గర ఒక చుక్క. మధ్యలో ఖాళీ నేల. గీత ఇంకా గీయొద్దు.]

ముందు చేప పరిచయం. ఇది ముల్లెట్ జాతి. మన కోస్తాలో, పులికాట్‌లో, ఒడిశా చిలికాలో దొరికే ముల్లెట్లకు దగ్గరి చుట్టం. సన్నగా, పొడుగ్గా, వెండి రంగు పొలుసులతో ఉంటుంది. వీపు మీద రెండు వేర్వేరు రెక్కలు. పుట్టిల్లు రష్యా తూర్పు కొసన అమూర్ నది ముఖం నుంచి జపాన్, కొరియా, చైనా తీరాల దాకా.

చైనాలో దీన్ని "సువోయూ" అంటారు. యూ అంటే చేప. సువో అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె. నాడె చేప! వరంగల్ కొత్తవాడలో మగ్గం ముందు కాసేపు నిలబడిన వాళ్లకు ఆ ఆకారం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రెండు కొసలూ సన్నబడి, మధ్యలో కాస్త ఉబ్బి. 1855లో బాసిలెవ్‌స్కీ అనే రష్యన్ ఈ చైనా మాటనే శాస్త్రీయ నామంలో పెట్టాడు. కానీ అప్పటికి పదేళ్ల ముందే, 1845లో, టెమ్మింక్, ష్లెగెల్ అనే ఇద్దరు జపాన్ చేపలను చూసి ఇదే చేపకు ఇంకో పేరు పెట్టేశారు: హెమటోకైలా. రక్తపు పెదవి అని అర్థం. శాస్త్రంలో ముందు పెట్టిన పేరే నిలుస్తుంది కాబట్టి ఇప్పుడు దాని పూర్తి పేరు ప్లానిలైజా హెమటోకైలా. నాకైతే నాడె చేపే నచ్చింది. ఈ వీడియోలో అలాగే పిలుస్తాను.

[దృశ్యం: వంటింటి బల్ల. చెక్క మీద కోసిన కోడి కందనకాయ.]

ఇది కోడి కందనకాయ. ఇక్కడెందుకంటే, ముల్లెట్ కడుపులో ఒక భాగం అచ్చం ఇలాగే గట్టి కండతో ఉంటుంది. ఈ చేప నీటి అడుగున బురదను నోట్లోకి తీసుకుని, అందులోని నాచు, కుళ్లిన ఆకు, సూక్ష్మజీవులను తింటుంది. ఆ తిండితో పాటు ఇసుక రేణువులు కూడా పోతాయి. కోడి కందనకాయలో రాళ్లు చేసే నూరే పనిని ముల్లెట్ కడుపులో ఆ ఇసుక చేస్తుంది. అంటే దీనికి మనం మేత పెట్టక్కర్లేదు. బురద ఉంటే చాలు. మన చెరువుల్లో అడుగు మేసే మోసు (మృగాల) చేపను తలచుకోండి, దాదాపు అదే బతుకు.

మేత ఖర్చు లేదు, చలికి ఓర్చుకుంటుంది, ఉప్పు నీళ్లలో ఉంటుంది, తక్కువ ఉప్పులోనూ ఉంటుంది, కొన్ని కిలోల దాకా పెరుగుతుంది. చేపల శాఖ అధికారికి ఇంతకంటే ఏం కావాలి?

[మ్యాప్: అజోవ్ సముద్రం దగ్గరికి.]

అజోవ్ ప్రపంచంలోకెల్లా లోతు తక్కువ సముద్రం. అత్యంత లోతైన చోట కూడా 14 మీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఒక పెద్ద చెరువు. డాన్, కుబాన్ నదులు వచ్చి ఇందులో కలుస్తాయి. ఆ మంచినీళ్ల వల్ల ఉప్పు తక్కువ. మామూలు మహాసముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఈ కథ నడిచిన రోజుల్లో ఇక్కడ పది, పన్నెండు గ్రాములే.

1952లో డాన్ నది మీద సిమ్ల్యాన్‌స్క్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టారు. నది నీళ్లు తగ్గాయి. సముద్రం కాస్త ఉప్పెక్కింది. నదిలోకి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపలకు దారి మూసుకుపోయింది. ఏళ్ల తరబడి వచ్చిన చేప తగ్గిపోతే, ఖాళీ అయిన వలల్లోకి ఇంకేదైనా తెద్దామన్న ఆలోచన అప్పటి సోవియట్ వాళ్లకు వచ్చింది. వాళ్లకిది కొత్తేమీ కాదు. 1930 నుంచి 1934 మధ్య నల్ల సముద్రపు ముల్లెట్ పిల్లలను కాస్పియన్‌లో వదిలారు. రెండు రకాలు అక్కడ నిలదొక్కుకున్నాయి. కాస్పియన్ దక్షిణ తీరాన ఇరాన్ జాలరులు ఇప్పటికీ వాటిని పడుతూనే ఉన్నారు.

కాస్పియన్‌కు, అజోవ్‌కు ఒక తేడా ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. కాస్పియన్ నుంచి నీళ్లు సముద్రాల్లోకి పోవు. మత్తడి లేని చెరువు అది. అందులో వదిలింది అందులోనే ఉంటుంది. అజోవ్‌కు మత్తడి ఉంది.

[మ్యాప్: ఇప్పుడు గీత గీయండి. వ్లాదివోస్తోక్ దగ్గర నుంచి అజోవ్ దాకా, నేల మీదుగా.]

1970ల నుంచి, 1980లలో కూడా, జపాన్ సముద్రం ఒడ్డున పట్టిన నాడె చేప పిల్లలను అజోవ్, నల్ల సముద్ర తీరాల్లోని ఉప్పుటేళ్లకు తెచ్చారు. ఆకాశమార్గంలో చూసినా సుమారు 7 వేల కిలోమీటర్లు. ముఖ్యమైన చోటు అజోవ్ ఒడ్డున, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న మొలోచ్నీ లిమాన్. లిమాన్ అంటే నది ముఖానికి ఇసుక దిబ్బ అడ్డుపడి, సన్నని గండితో మాత్రమే సముద్రానికి కలిసే సరస్సు. మన పులికాట్ లాంటిదే, కాకపోతే చలికాలంలో గడ్డకడుతుంది.

ఒక చేపను తెచ్చి వదిలితే బతకడం వేరు, అక్కడ సంతానాన్ని కనడం వేరు. ఈ వీడియోలో మీరు ఒక్క భాగమే చూడాలనుకుంటే ఇప్పుడు రాబోయేది చూడండి.

[దృశ్యం: రెండు గాజు గ్లాసులు. ఒకదానిలో మంచినీళ్లు. రెండోదానిలో నీళ్లు, మూడు నాలుగు చెంచాల ఉప్పు కలుపుతున్న చెయ్యి. రెండింటిలో ఒక్కో కోడిగుడ్డు వదలాలి.]

మంచినీళ్లలో గుడ్డు మునిగింది. ఉప్పు నీళ్లలో తేలింది. చిన్నప్పుడు బడిలో చూసే ఉంటారు. సముద్రంలో ముల్లెట్ గుడ్లకు ఇదే చావు బతుకుల సంగతి. ముల్లెట్ గుడ్లు గూటిలో పెట్టదు, రాళ్లకు అతికించదు, నీళ్లలో వదిలేస్తుంది. అవి నీళ్లలో తేలుతూ పొదగాలి. ఉప్పు చాలకపోతే అడుగుకు దిగిపోతాయి. అడుగున బురద, ఆక్సిజన్ తక్కువ. అక్కడికి చేరిన గుడ్డు పాడైపోయినట్టే.

నల్ల సముద్రపు సొంత ముల్లెట్లు అజోవ్‌లోకి ఎండాకాలం మేతకు వచ్చి, చలికి ముందే వెనక్కి పోయేవి. గుడ్లు మాత్రం లీటరుకు 18 గ్రాముల ఉప్పున్న నల్ల సముద్రంలోనే. అజోవ్ వాటికి మేతకు పనికొచ్చే బీడు, కాపురానికి పనికిరాదు.

నాడె చేప గుడ్డులో మాత్రం పెద్ద నూనె బొట్టు ఉంటుంది. నూనె నీళ్ల మీద తేలుతుంది కదా. అదే గుడ్డును పైకి పట్టుకుంటుంది. అందుకే ఉప్పు తక్కువున్న నీళ్లలోనూ దాని గుడ్డు అడుగుకు పోకుండా నిలబడుతుంది. పైగా చలికాలానికి ఇల్లు వదిలి పోవాల్సిన పని లేదు. మంచు కట్టే అమూర్ తీరంలో పుట్టిన జీవి ఇది, అజోవ్ చలి దానికి లెక్కేంటి.

ఒక నూనె బొట్టు. అంతే. 1980లలో అజోవ్‌లో అది తనంతట తానే గుడ్లు పెట్టడం మొదలైంది. ఒక్క ఆడచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. 1990ల మొదట్లో వాణిజ్యంగా వేట మొదలైంది. ఆ పదేళ్లలో అజోవ్ జాలరుల వలల్లో ముఖ్యమైన చేపల్లో ఇదొకటైపోయింది. సోవియట్ యూనియన్ కూలిపోయి, జీతాలు, ధరలు తారుమారైన రోజుల్లో ఆ తీరపు కుటుంబాలకు ఇది కడుపు నింపిన చేప. ఈ సంగతి వదిలేసి "విదేశీ చేప వచ్చి నాశనం చేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు మనసొప్పదు.

[మ్యాప్: అజోవ్ నుంచి దక్షిణానికి కదలాలి. కెర్చ్, బాస్ఫరస్, డార్డనెల్స్ అని మూడు చోట్ల ఆగాలి.]

ఇక మత్తడి సంగతి. అజోవ్‌లోకి నదుల నీళ్లు వస్తూనే ఉంటాయి. ఎక్కువైన నీళ్లు కెర్చ్ జలసంధి మీదుగా నల్ల సముద్రంలోకి పోతాయి. అది మొదటి మత్తడి. నల్ల సముద్రంలోకి డాన్యూబ్, నీపర్ లాంటి పెద్ద నదులు కలుస్తాయి. అక్కడా నీళ్లు ఎక్కువే. ఆ మిగులు ఇస్తాంబుల్ నగరం మధ్యలో నుంచి పోయే బాస్ఫరస్ గుండా మర్మరాలోకి దిగుతుంది. సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న ఇరుకు దారి అది. రెండో మత్తడి. మర్మరా నుంచి డార్డనెల్స్ దాటితే ఈజియన్. మూడోది.

బాస్ఫరస్‌లో ఇంకో వింత ఉంది. పై పొరలో ఉప్పు తక్కువ నీళ్లు దక్షిణానికి పోతుంటే, అడుగున ఉప్పు ఎక్కువ, బరువైన నీళ్లు ఉత్తరానికి ఎదురు పోతుంటాయి. ఒకే దారిలో రెండు ప్రవాహాలు, ఒకదాని మీద ఒకటి. మన మత్తడి దగ్గర ఇలాంటిది చూడలేం. తొలి వానలకు చేపలు వాగులో ఎదురెక్కడం చూశాం గానీ, నీళ్లే ఎదురెక్కడం!

నాడె చేపకు ఈ మెట్లన్నీ సులువే. లీటరుకు పన్నెండు గ్రాముల ఉప్పు నుంచి 18, అక్కడి నుంచి ఈజియన్‌లో 38 దాకా, ఎక్కడైనా బతకగలదు. టర్కీ నల్ల సముద్ర తీరంలో వలలకు పడటం మొదలైనప్పుడు అక్కడి జాలరులు దానికి "రుస్ కెఫాలి" అని పేరు పెట్టారు. రష్యా ముల్లెట్. పాపం, దాని అసలు పుట్టిల్లు చైనా, కొరియా, జపాన్‌లు కూడా. ఎటువైపు నుంచి వచ్చిందో ఆ దేశం పేరు అంటుకుంది. మనం ఒక రకం జామకాయకు అలహాబాద్ పేరు పెట్టి పిలుచుకోవడం లేదూ.

1998లో టర్కీ శాస్త్రవేత్తలు ఇది ఈజియన్ తీరంలోనూ దొరికిందని రాశారు. ఆ తర్వాత గ్రీస్ ఉత్తర తీరంలోనూ కనిపించింది. ఎవరూ దాన్ని అక్కడికి తీసుకుపోలేదు. పై చెరువులో వదిలారు, మిగతాది మత్తడి చూసుకుంది.

[దృశ్యం: మళ్లీ వంటింటి బల్ల. ఒక చేప మొప్ప తెరిచి దగ్గరగా.]

చేప ఒక్కటే వచ్చిందా? లేదు. దాని మొప్పల్లో కంటికి ఆనని చదును పురుగులు ఉంటాయి. పుట్టింటి నుంచి వాటినీ మోసుకొచ్చింది. అజోవ్, నల్ల సముద్రాల్లో అంతకు ముందు లేని ఆ పరాన్నజీవులు ఇప్పుడున్నాయి. మన దగ్గర చేప పిల్లలను కవర్లలో ఆక్సిజన్ నింపి లారీల్లో తెచ్చి చెరువులో వదిలేటప్పుడు లెక్కపెట్టేది పిల్లలనే. వాటితో వచ్చిన పురుగును, నీళ్లను ఎవరూ లెక్కపెట్టరు.

సొంత ముల్లెట్ల సంగతేంటి? అదే బురద, అదే మేత, వచ్చినవాడు త్వరగా పెరుగుతాడు. పోటీ ఉంటుందనేది సహజం. కానీ నల్ల సముద్రానికి అదే కాలంలో ఇంకా పెద్ద దెబ్బలు తగిలాయి. ఓడల అడుగున నింపే నీళ్లతో అమెరికా తీరం నుంచి నెమియోప్సిస్ అనే జెల్లీ లాంటి జీవి వచ్చి 1980లలో విపరీతంగా పెరిగి, చిన్న చేపల మేతను, పిల్లలను తినేసింది. మురుగు, ఎరువులు, అతి వేట సరేసరి. ఇన్నింటి మధ్య ఒక్క నాడె చేప మీద నేరం మోపడం న్యాయం కాదు. తర్వాత కాలంలో నాడె చేప పట్టుబడి కూడా బాగా తగ్గిపోయింది. మొలోచ్నీ లిమాన్ గండి ఇసుకతో పూడిపోయి, లోపలి నీళ్లు ఎండి, ఉప్పు మితిమీరిపోయింది. తెచ్చిన చేపకు తెచ్చిన ఇల్లే మూసుకుపోయింది.

[దృశ్యం: పాఖాల చెరువు కట్ట. తర్వాత రామప్ప చెరువు. తర్వాత కాకతీయ కాలువ.]

ఇదంతా మాకెందుకు అంటారా? పాఖాల నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణకు పోతాయి. అక్కడికి దూరమేమీ కాని రామప్ప నీళ్లు గోదావరికి. మన జిల్లాలు రెండు నదుల మధ్య గట్టు మీద ఉన్నాయి. అది చాలదన్నట్టు శ్రీరాంసాగర్ నుంచి 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ గోదావరి నీళ్లను ఈ గట్టు దాకా మోసుకొస్తోంది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్ర సముద్రం చేపలు మధ్యధరాకు చేరాయి. వాటిలో ఒక ముల్లెట్ కూడా ఉంది. కాలువ తవ్వినప్పుడు ఎవరూ చేపల గురించి ఆలోచించలేదు. కాలువ అంటే నీళ్లు అనుకుంటాం, అంతే.

మన చెరువుల్లో ఏ చేప ఎలా ప్రవర్తిస్తుందో గుడ్డును బట్టి చెప్పొచ్చు. రవ్వ, బొచ్చె, మోసు మూడూ పారే నదిలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన చెరువులో పెట్టవు. అందుకే ఏటా పిల్లలు వదలాలి. 1957లో హీరాలాల్ చౌధురి అనే చేపల శాస్త్రవేత్త కటక్‌లో ఇంజెక్షన్‌తో ఈ జాతి (కార్ప్) చేపలకు గుడ్లు పెట్టించే పద్ధతి కనిపెట్టాకే ఇవాళ్టి హేచరీలు వచ్చాయి. బంగారు తీగ అలా కాదు, చెరువులోని నాచుకు, గడ్డికి గుడ్లు అతికిస్తుంది. 1952లో దేశంలోకి వచ్చిన తిలాపియా ఇంకా గడుసుది: గుడ్లను తల్లి నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. ఇక దాన్ని చెరువులో నుంచి ఎవరు తీయగలరు? చెరువు ఎండగట్టినా గుంటలో నాలుగు మిగులుతాయి, మళ్లీ వానలకు నాలుగు వేలవుతాయి. హిమాచల్‌లోని గోబింద్‌సాగర్ జలాశయంలో 1971లో పొరపాటున వెండి కార్ప్ చేరింది. పైన సట్లెజ్ పారుతోంది కదా, గుడ్లకు ప్రవాహం దొరికింది. కొన్నేళ్లకు అక్కడ బొచ్చె వెనకబడిపోయింది.

అక్వేరియం సక్కర్ చేపలను "పాపం, పెద్దదైపోయింది" అని చెరువులో వదిలేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే వాళ్లకొక మాట. వదిలే ముందు ఆ చెరువు మత్తడి ఎటు దుంకుతుందో చూడండి.

[దృశ్యం: మొదటి చెరువు. సాయంత్రం. కాకా వల విదిలించి నాచు ఏరుతున్నాడు. పక్కన ఈ వీడియో చేస్తున్న మనిషి, ఫోన్‌లో నాడె చేప ఫొటో చూపిస్తూ.]

కాకా: ఇదేనా నువ్వు జెప్పిన రష్యా చేప? ముండ్లు ఎక్కువుంటయా?

నేను: రవ్వ కంటే తక్కువే కాకా.

కాకా: పులుసుకు మంచిగుంటదా?

నేను: తినలే. మంచిగుంటదనే అంటరు.

కాకా: మరి బురద తిని బతికే చేప, మేత ఖర్చు లేకపాయె. మన చెరువుల ఇడువరాదు?

నేను: బతుకుతది కావచ్చు కాకా. కానీ గుడ్డు తేలాలంటే ఉప్పు కావాలె. మన నీళ్లల్ల పొదగది.

[కాకా వల మడతపెట్టి భుజాన వేసుకుంటాడు. కాసేపు మత్తడి వైపు చూస్తాడు.]

కాకా: అట్లనా. అయితే గది గూడ మన రవ్వ లెక్కనే. ఏటా కొనుడే.

[నీళ్ల చప్పుడు. తెర నల్లబడాలి.]